బీరువాలో తడి వెట్‌సూట్

1976 జనవరిలో నన్ను బెజవాడ బ్యారేజీ మెకానికల్ విభాగానికి జూనియర్ ఇంజనీరుగా బదిలీ చేశారు. నీటి అడుగున గేట్లను పరీక్షించే డైవింగ్ బృందం నా కింద పనిచేస్తుందని ఉత్తర్వులో రాశారు. బృందమంటే ఒకే ఒక్క మనిషి, యేసుపాదం. ఆరేళ్లుగా మస్టర్ రోల్ మీద, అంటే రోజుకూలీగా, మునుగుతున్నాడు. సామగ్రి అంటే ఒక గాలి సిలిండరు, డైవింగ్ శిక్షణ పొందిన నేనూ, అతనూ మార్చి మార్చి తొడుక్కునే ఒక వెట్‌సూట్.

వెట్‌సూట్ అంటే ఒంటిని అంటిపెట్టుకుని ఉండే దళసరి రబ్బరు తొడుగు. లోపలికి చేరిన కాసిని నీళ్లు ఒంటివేడికి వెచ్చబడి చలి ఆపుతాయి. చలికి ఆగలేక డైవరు కలిపే నీళ్లు కూడా అందులోనే ఉండిపోతాయి. ఈ సంగతి శిక్షణలో చెప్పరు. మునిగిన మొదటిరోజే నాకు తెలిసొచ్చింది.

మాది విదేశీ సరుకు. విదేశీ సరుకును సాయంత్రం ఐదింటికల్లా బీరువాలో పెట్టి తాళం వెయ్యాలని స్టోర్స్ నిబంధన, తడిగా ఉన్నా సరే. ఆరేళ్లు అలా తాళం వేశాక, తలుపు తీస్తే చచ్చిన ఎలక కూడా లేచి పారిపోయే కంపు. స్టోర్‌కీపరు సాంబ్రాణి పొగ వేశాడు. రెండు వాసనలూ కలిసి ఇంకా దారుణంగా తయారయ్యాయి.

ఆ వారమే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మా ఈ.ఈ. గారు, తనిఖీకి వచ్చారు. యేసుపాదాన్ని పర్మినెంట్ చేసే ఫైలు ఆయన సంతకం కోసమే ఆగి ఉంది. బీరువా తెరిపించి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఛీ ఛీ! ఇందులో ఉచ్చ పోసేవాడికి పర్మినెంటా? సోమవారం మళ్లీ వస్తా. కంపు పోకపోతే వీణ్ని తీసిపారెయ్యండి!"

నాకు ఒళ్లు మండింది. అందులో సగం నాదే. అయినా ఆ మాట ఆయనతో చెప్పకుండా బీరువా తలుపు మూశాను. సిగ్గుచేటు.

"మీరేం బాధపడకండి సార్. మా ఆడోళ్లు మంచి చీరలకి చేసేదే దీనికీ చేద్దామండి," అన్నాడు యేసుపాదం.

సూట్‌ను లోపలివైపు బయటికి తిరగేశాం. తొట్టెడు మంచినీళ్లలో కుంకుడురసం కలిపి రెండు గంటలు నానబెట్టి, బ్రష్షు తగలనివ్వకుండా చేత్తోనే పిసికాం. నాలుగుసార్లు నీళ్లు మార్చాం. ఎండకి రబ్బరు చిట్లుతుంది కాబట్టి పంపుహౌసు నీడలో లావుపాటి వెదురు మీద ఆరేశాం. స్టోర్‌కీపరు తాళం పట్టుకుని "రూలండీ, రూలు!" అని గోల పెడితే, బాధ్యత నాదేనని కాగితం రాసిచ్చాను. సోమవారానికి కుంకుళ్ల వాసన తప్ప మరేమీ లేదు.

ఈ.ఈ. గారు వాసన చూసి మురిసిపోయారు. ఆ మురిపెంలో, తానే అది తొడుక్కుని ఫొటో దిగుతానన్నారు. ఛాతీలోతు నీళ్లలో నిలబెట్టాం. కెమెరా మొరాయించింది. ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పటిదాకా పళ్లు కటకటలాడిస్తూ "త్వరగా కానివ్వవయ్యా!" అని ఫొటోగ్రాఫరు మీద అరిచిన మనిషి, ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోయారు. యేసుపాదం నావైపు చూశాడు. నేను బ్యారేజీ స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఒడ్డుకొచ్చి జిప్పు లాగగానే వాసన గుప్పుమంది. యేసుపాదం సూట్‌ను రెండు చేతులా అందుకుని, ఆయన ఎదుటే తిరగేశాడు.

"ఏం పర్లేదు సార్. వెంటనే కడిగేస్తే పోద్దండి."

ఈ.ఈ. గారు తువ్వాలు చుట్టుకుని, తలెత్తకుండా, "ఆ ఫైలు పట్రావయ్యా," అన్నారు నాతో. జీపు బానెట్ మీదే సంతకం పెట్టారు.

తర్వాత నా కింద పనిచేసిన ప్రతి డైవరుకీ ఇదే చెప్పాను. సూట్ విప్పగానే తిరగేసి మంచినీళ్లలో కడగండి, నీడన ఆరేయండి, తడిది బీరువాలో పెట్టకండి. ఎవరు పోశారని విచారణ మాత్రం వెయ్యకండి. విచారణ వేసేవాణ్ని ఓ ఇరవై నిమిషాలు నీళ్లలో నిలబెడితే చాలు.