గోరీ వండిన తెల్లకూర

సకల జనుల సమ్మె జోరుమీదున్న రోజుల్లో జనగామ దగ్గర హైదరాబాదు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకు తిని, బండ్లను కదలనివ్వకపోవడం ఆ తెలంగాణ ఉద్యమంలో ఒక పద్ధతి. దేవరుప్పుల పక్క తండా నుంచి వచ్చిన గోరీకి కోడికూర అప్పగించారు. అప్పగించినవాడు ఉపేందర్, మండలంలో ఉద్యమ నాయకుడు. మైకు దొరికితే ఇల్లూ పిల్లలూ గుర్తుండని మనిషి.

గోరీ చాలా ఏళ్లు సికింద్రాబాదులో ఒక కంపెనీ మేనేజరు ఇంట్లో వంట చేసింది. ఆ ఇంటావిడ ఏ దేశంలో ఏది తిన్నా తిరిగొచ్చి గోరీ చేత వండించేది. వాటిలో గోరీకి నచ్చింది ఒక్కటే: వైను పోసి, పుట్టగొడుగులు వేసి, మీగడతో దించే కోడికూర. కానీ ఆమె వాటాకు ఎప్పుడూ గిన్నె అడుగు గోక్కోవడమే మిగిలేది. ఇప్పుడు కోళ్లు ఉద్యమం ఇస్తోంది. ఇంతకన్నా మంచి అదను రాదనుకుంది.

వానలకు పుట్టల మీద పుట్టగొడుగులు లేచాయి. తండాలో బర్రెలకు కొదవలేదు. వైను కోసం మొగుడు లింగ్యాను వైన్స్‌కు తోలింది. అంత పెద్ద అక్షరాలతో వైన్స్ అని రాసుకున్న దుకాణంలో బ్రాందీ, విస్కీ, బీరు ఉన్నాయి గాని వైను లేదు. అడిగినందుకు నవ్వారు కూడా. లింగ్యా ఈతకల్లు కుండతో తిరిగొచ్చాడు. కుండ సగమే ఉంది, అతను మాత్రం నిండుగా ఉన్నాడు.

గోరీ ముక్కల్ని వెన్నలో ఎర్రగా వేయించి తీసింది. అందులోనే ఉల్లిగడ్డ, పుట్టగొడుగులు మగ్గించి, కల్లు పోసి సగానికి ఇగరనిచ్చింది. ముక్కలు మళ్లీ వేసి ఉడికించి, మిరియాలు చల్లి, మంట తీసేసి మీగడ కలిపింది.

ఉపేందర్ మూత తీసి చూసి బిత్తరపోయాడు.

"అక్కా, గిదేంది తెల్లగున్నది? కారమేది? మన తెలంగాణ వంట గిట్లుంటదా?"

"కోడి మనదే, కల్లు మనదే, బర్రె మనదే," అంది గోరీ. "గిండ్ల పరాయిది ఏదున్నదో నువ్వే తీసెయ్యి తమ్మీ."

ఉపేందర్ తీసేశాడు, ముందు ఒక ముక్క, తర్వాత ఇంకొకటి. బందోబస్తుకు వచ్చిన పోలీసులు కూడా విస్తళ్లు అడిగారు. గోరీ తన కోసం గిన్నె నిండా ముందే తీసి దాచుకుంది కాబట్టి సరిపోయింది. పొయ్యి వెనక చతికిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా చివరి ముక్క దాకా తిన్నది.

మరుసటి వారం మళ్లీ వంటావార్పు. ఉపేందర్ తండాకొచ్చి, తెల్లకూర నువ్వే వండాలన్నాడు. గోరీ ఒప్పుకోలేదు. మొన్న పొద్దంతా పొగ మింగింది ఆడవాళ్లు, మైకులో అరిచింది మగవాళ్లు, తెలంగాణ ఇద్దరికీ వస్తుంది గదా అని అడిగింది.

"ఈసారి మీరు వండుండ్రి. నేను మాట్లాడుత."

ఆమె తమాషా చేస్తోందనుకున్నాడు అతను. కానీ వంటావార్పు రోజు గోరీ నేరుగా వెళ్లి మైకు అందుకుంది. ఉల్లిగడ్డలు కోస్తూ ఏడుస్తున్న ఉపేందర్, మీగడ ఎప్పుడు పోయాలని దూరం నుంచి సైగ చేశాడు. గోరీ ఉపన్యాసం ఆపింది. ఆగిపోయిన బస్సుల్లో వాళ్లందరూ వినేలా మైకులోనే చెప్పింది:

"మంట తీసినంక పొయ్యాలె ఉపేందరూ, లేకుంటే ఇరుగుతది."