నాలుగో రంగు

నా భార్య కిందటి నెల పోయింది. బళ్ళో ఆరో తరగతికి బొమ్మలు నేర్పుతూ కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేవలేదు. ఈ బడి పత్రిక చదివేవారిలో చాలామంది ఆమె దగ్గర డ్రాయింగు నేర్చుకున్నవారే. పూలకుండీ, జామకాయ గీయించిన టీచరుగా ఆమె మీకు తెలుసు. మీకు తెలియని సంగతి ఒకటుంది. అది చెప్పేదాకా నాకు కుదురు లేదు.

ఆమె రాతి అచ్చుతో, అంటే నున్నటి రాయి మీద గీసి దాన్నుంచి కాగితానికి అచ్చు తీసి, రంగుల బొమ్మలు వేసేది. మద్రాసులో చదివేటప్పుడు నేర్చుకుంది. వాటిలో మనుషులూ చెట్లూ ఉండవు. చతురస్రాలు, అర్ధవృత్తాలు; ఒకదాని అంచు ఇంకోదాన్ని తాకీ తాకనట్టు. గుంటూరులో మిరప బస్తాలకు లేబుళ్ళు వేసే ప్రెస్సు ఒకటుంది. ఊరంతా ఆఫ్‌సెట్‌కు మారినా అక్కడ పాత రాతి మిషను మిగిలింది. దాన్ని నడిపే పెద్దాయన ఆమె మొదటి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బానే ఉంది టీచరమ్మా. షాపు పేరెక్కడెయ్యాలి?"

"పేరు లేదు బాబాయ్."

"పేరు లేని లేబులు ఏ బస్తాకి అంటిస్తారమ్మా?"

"మా ఇంటాయనకి అంటిస్తా."

ఆయన పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదనుకుంటాను.

నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. గీత కనబడితే అదేమిటని అడగడం నా అలవాటు. ఒక బొమ్మలో ఎర్రని చతురస్రం చూసి, "ఇది మిర్చి కల్లం కదూ?" అన్నాను. "పేరు పెట్టగానే చూడటం మానేస్తారు మీరు," అంది. కలర్ టీవీ కొందామంటే, "ముందు ఇంట్లో ఉన్న రంగులు చూడండి," అంది.

ఆమెకు ఉన్నది ఒకే రాయి. కాగితాలన్నిటి మీదా ఒక రంగు పడ్డాక, ఇసుకతో నూరి ఆ బొమ్మ చెరిపేసి, అదే రాయి మీద తర్వాతి రంగుకు గీసేది. వెనక్కి పోవడం ఉండదు. కాగితాలు మా ముందుగదిలో తాడుకు, బట్టల క్లిప్పులతో ఆరేవి. వాటి కింద తల వంచుకుని నడిచేవాణ్ణి. విసుక్కునేవాణ్ణి కూడా.

ఆమె పోయేనాటికి పన్నెండు కాగితాల మీద మూడు రంగులు పడ్డాయి: పసుపు, బూడిద, నీలం. నాలుగో రంగుకు రాయి మీద గీసి ప్రెస్సులో ఉంచి వచ్చింది. సమాధి చేసిన నాలుగో రోజు నుంచి రోజూ అక్కడికి వెళ్ళాను. వాకిట్లో నిలబడి తిరిగొచ్చేవాణ్ణి. చివరికి పెద్దాయనే పిలిచాడు.

"సార్, ఈ వారం మిషను పీకేస్తన్నారు. ఏ రంగో చెప్పండి, అచ్చేసి ఇస్తా."

మర్నాడు కాగితాలు చుట్టుకుని, జేబులో ఎండుమిరపకాయ పెట్టుకుని వెళ్ళాను. బల్ల మీద పెట్టి, "ఈ ఎరుపు," అన్నాను.

"టీచరమ్మ చెప్పిందా?"

రాయి వైపు చూశాను. గీసింది నల్లగా ఉంది. ఏ రంగుకైనా రాయి మీద గీసేది నల్లగానే. రంగు తేలేది సిరా కలిపేటప్పుడు. ఆమె ఇంకా కలపలేదు. ఏ రంగు వేస్తున్నావని నేనూ ఎప్పుడూ అడగలేదు.

"లేదు," అన్నాను.

ఆయన రోలరుకు ఎర్ర సిరా పట్టించి ఆగాడు.

"వద్దులెండి. నూరేద్దాం," అన్నాను.

"ఆయమ్మ ఆఖరి బొమ్మ సార్!"

"అందుకే."

ఆయన రోలరు పక్కన పెట్టాడు. తర్వాత ఇసుక చల్లి, నీళ్ళు పోసి, పైన ఇంకో రాయి బోర్లించాడు. "ఆ పక్క పట్టుకోండి. గట్టిగా కాదు సార్, గుండ్రంగా." ఇద్దరం తిప్పాం. బూడిద నీళ్ళు మోచేతుల దాకా కారాయి. ఆమె పోయాక నా చేతులకు పని దొరికింది ఆ ఒక్కరోజే.

పన్నెండు కాగితాలూ మళ్ళీ తాడు మీదే ఉన్నాయి. ఒక్కోదాని మధ్యలో అరచేయంత తెల్లని ఖాళీ. పొద్దున అది ఒకలా ఉంటుంది. సాయంత్రం, ఎదురింటి డాబా మీద ఆరబోసిన మిరపకాయల మీదుగా వెలుగు లోపలికి వచ్చినప్పుడు, మరోలా. ఏ రంగో ఇక్కడ రాయబోయి ఆగిపోయాను.

తాడు విప్పలేదు. ఆ గదిలో ఇప్పటికీ తల వంచుకునే నడుస్తున్నాను.