ఆనందమ్మ గరిటె దించిన యాత్ర

వడమాలపేట దగ్గర ఆ పల్లెలో ఆనందమ్మ పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది ఆమె మొహం కాదు, ఆమె సాంబారు. బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. పెళ్ళికైనా చావుకైనా గుడి పండగకైనా అండాలు కడిగి పొయ్యి మీదికి ఎక్కించేది ఆమే. మనిషి పొట్టి, మాట గట్టి. ఆమె వండుతుంటే పక్కన నిలబడి సలహా చెప్పి, చీవాట్లు తినకుండా ఇంటికి పోయినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

ప్రతి ఏడూ ఆగస్టు చివర్లో ఆ పల్లె కతోలికులు కావి బట్టలు కట్టుకుని వేళాంగణ్ణి ఆరోగ్యమాత గుడికి కాలినడకన బయల్దేరతారు. ముందు ఒక చిన్న చక్రాల బండి, దాని మీద పూలదండల మధ్య మాత స్వరూపం, ఒక మైకు. వెనక చెప్పుల్లేని కాళ్ళతో ఆడా మగా. వీళ్ళందరికంటే ముందు బియ్యం మూటలూ అండాలూ వేసుకుని ఒక మినీ లారీ పోతుంది. మధ్యాహ్నం ఆగే చోటుకు లారీ ముందే చేరి, నడిచేవాళ్ళు వచ్చేసరికి వంట దించి ఉండాలి. ఆ లారీలో డ్రైవరు ఢిల్లీబాబు పక్క సీటు ఏళ్ళ తరబడి ఆనందమ్మది.

నిజానికి ఆమె మొక్కుకున్నది వండుతానని కాదు, నడుస్తానని. కొడుకు ఇమ్మానుయేల్ పసివాడుగా ఉన్నప్పుడు జ్వరం తలకెక్కి మాట పడిపోయింది. తిరుపతి ఆస్పత్రి వరండాలో కూర్చుని, "బిడ్డ అమ్మా అని పిలిస్తే నీ గుడికి నడిచొస్తా తల్లీ" అని మాతకు మొక్కుకుంది. బిడ్డ పిలిచాడు. ఇప్పుడు వాడు పుత్తూరులో మరమగ్గాల మీద పని చేసుకుంటున్నాడు, పెళ్ళి కూడా అయింది. మొక్కు తీర్చుకుందామని ఆమె కావి చీర కట్టుకున్న మొదటి ఏడే వంట మనిషి రాకుండా చెయ్యిచ్చాడు. "ఈ ఒక్కసారికి నువ్వు లారీ ఎక్కు ఆనందక్కా" అని గుంపు పెద్ద పాల్ బతిమాలాడు. ఆమె ఎక్కింది. ఆ ఒక్కసారి ఇంకా అయిపోలేదు.

నడిచి వచ్చినవాళ్ళలో ఎవరైనా జాలిపడి సాయానికి రాబోతే గరిటె అడ్డం పెట్టేది. "నడిచొచ్చినోళ్ళు పొయ్యి కాడికి రాకూడదు. పోండి, కాళ్ళు సాపుకోని కూసోండి. నేను పెడతా" అనేది. అందరికీ వడ్డించి, మారు అడిగి, బోకులు నానబెట్టి, చివర్లో అండా అడుగున మాడిన అన్నం గీరుకుని, చల్లారిన సాంబారు ఒంపుకుని, లారీ వెనక నిలబడే తినేసేది. నిలబడి తినడం ఎంత అలవాటైందంటే ఇంట్లో కూడా ఆమె పళ్ళెం ముందు కూర్చోగా కోడలు కోమలి ఇంతవరకూ చూడలేదు.

ఇదంతా ఆనందమ్మకు కష్టంగా ఉండేది కాదు. కష్టమంతా తిరుగు ప్రయాణంలో ఉండేది. లారీ వెనక అందరూ గుమిగూడి, మాత గుడిలో తమకేమైందో చెప్పుకునేవాళ్ళు. ఒకామెకు మల్లెపూల వాసన వచ్చిందంట. ఇంకొకాయనకు ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టయిందంట. గుడి ముందు ఇసకలో మోకాళ్ళ మీద పోతుంటే నొప్పే తెలియలేదని పాల్ కళ్ళు తుడుచుకునేవాడు. "నీకెట్లుండె ఆనందక్కా?" అని అడిగితే ఆమె బోకులు లెక్కపెట్టుకునేది. ఆమె కూడా ఒక ఏడు ఆ ఇసకలో మోకాళ్ళ మీద పోయింది. దారి పొడుగునా ఆమెకు వచ్చిన ఆలోచన ఒక్కటే, చింతపండు నానేసినామా లేదా అని.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఆమె లోపల అది ముల్లులా ఉండిపోయింది. దేవుడు బిడ్డనిచ్చాడు, బిడ్డ గొంతునిచ్చాడు, ఇంటికి మంచి కోడలినిచ్చాడు. ఇన్ని ఇచ్చినవాడు ఒక్కసారైనా తన పక్కన నిలబడినట్టు ఎందుకు తెలియదు? ఎదురుపడితే దండం పెట్టుకోవాలని ఉంది, అంతే. ఈ ఏడు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం దగ్గర ఫాదరుతో ఆ మాట అనేసింది. "సామీ, అందరికీ తెలస్తా ఉండాడు, నాకు మాత్రం తెలీడం లా. నా పాపం ఏమన్నా అడ్డముండాదా?" ఫాదరు వయసులో ఆమె కొడుకంతవాడు. "మొక్కుకున్నట్టు ఈసారి నడువమ్మా, గరిటె ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాడు.

గరిటె కోమలి చేతికి వచ్చింది. "అమ్మ గుడి సూసేదాకా నేను పొయ్యి ముట్టను. మంచో సెడ్డో నువ్వే సూసుకో మే" అని ఆనందమ్మ అందరి ముందూ చెప్పేసింది. కోమలి గూడూరు పిల్ల, చారు బాగా పెడుతుంది గాని ఊరికంతటికీ ఎన్నడూ వండలేదు. అత్త చెప్పిన జాగ్రత్తలన్నీ విని బిక్కమొహం వేసుకుని లారీ ఎక్కింది.

మొదటిరోజు పుత్తూరు దాకా నడక. "ఆవే మరియా" అని అందరూ పాడుతుంటే ఆనందమ్మ కూడా పాడింది. నోరు పాడుతోంది గాని మనసు లారీ వెనకే పరుగెత్తింది. పప్పు ఉడికిందో లేదో, ఉర్లగడ్డలు ఎక్కువ కోసేసిందేమో, సాంబారులో ఉప్పు రెండుసార్లు పడిందేమో. జపమాల పూసలు తిప్పుతూ తిప్పుతూ ఎర్రగడ్డల లెక్కలోకి పోయేది. మళ్ళీ చెంపలేసుకుని మొదటి పూసకు వచ్చేది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆమె దానికి ఏడవలేదు. కాళ్ళు ఇంత కాలినా లోపల ఏమీ కదలడం లేదే అని మాత్రం దిగులేసింది.

రెండోరోజు మధ్యాహ్నం మజిలీ నగిరి దాటాక రోడ్డు పక్కన చింతతోపు. ముక్కులా పొడుచుకొచ్చిన నగిరి కొండ దూరంగా కనిపిస్తుండగా గుంపు తోపులోకి తిరిగింది. ఎండకు అందరి నోళ్ళూ పిడచకట్టుకుపోయాయి. తోపులో కావి బట్టల జనం చాలామంది కాళ్ళు చాపుకుని ఉన్నారు. వాళ్ళ మొహాలు ఎవరికీ తెలిసినవి కావు. అన్నం తిన్న ఇస్తరాకులు ఒక పక్క కుప్పగా పడున్నాయి. లారీ చక్రానికి ఆనుకుని కోమలి ఏడుస్తోంది.

ఆనందమ్మ నేరుగా పోయి అండా మూత తీసింది. అడుగు కనిపించింది.

"ఏం మే ఇది? అన్నం యాడ?"

"పెట్టేసినా అత్తా" అని వెక్కింది కోమలి. "సిత్తూరోళ్ళనుకోని వాళ్ళకి పెట్టేసినా."

జరిగింది ఇదీ. ఈ ఏడు చిత్తూరు వైపు నుంచి కొందరు బస్సులో వచ్చి ఈ తోపులోనే కలవాల్సి ఉంది. లారీ వచ్చేసరికి కావి బట్టలతో ఇంతమంది కూర్చుని ఉంటే కోమలి వాళ్ళే అనుకుంది. ఆకలిగా ఉన్నారు పాపం అని ఆదరాబాదరా వండి, రండి కూర్చోండని పిలిచింది. వాళ్ళు పళ్ళిపట్టు వైపు నుంచి తిరుమల కొండకు నడిచిపోయే గుంపు. ఆ దారిలో మొక్కున్నవాళ్ళు రోడ్డు పక్కన పొయ్యి పెట్టి పోయేవాళ్ళను పిలిచి అన్నం పెట్టడం మామూలే. పిలిచినవాళ్ళు ఎవరని ఎవరూ అడగరు, పిలుపు రాగానే కూర్చుంటారు. తినేముందు కోమలి "జపం చేసుకుందామా?" అంటే అందరూ బుద్ధిగా కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. కడుపునిండా తిని, చేతులు కడుక్కుని, తోపు దద్దరిల్లేలా "గోవిందా! గోవిందా!" అన్నారు. అప్పుడు జారింది కోమలి చేతిలో గరిటె. చిత్తూరువాళ్ళేమో బస్సు ఆలస్యమై అప్పుడే దిగి వస్తున్నారు, వాళ్ళదీ ఆకలే.

ఢిల్లీబాబు ఒక్కడే నవ్వుతున్నాడు. ఆనందమ్మ చూసిన చూపుకు నవ్వు మానేశాడు.

కోడలిని తిట్టడానికి నోరు తెరిచింది గాని, ఆ పిల్ల చేతుల మీద కొత్తగా పడిన నూనె చుక్కల బొబ్బలు చూసి ఊరుకుంది. పాల్ నెమ్మదిగా దగ్గరకొచ్చి, తలెత్తకుండానే అన్నాడు. "ఆనందక్కా, ముసిలోళ్ళు ఉండారు. నువ్వు సెయ్యేస్తే బిర్రున అయిపోతాది."

ఆమెకు తెలుసు, అయిపోతుంది. నడక కూడా దాంతోనే అయిపోతుంది. ఇవాళ ముట్టిన గరిటెను రేపు ఎవరూ వదలనివ్వరు. ఆమె బండి మీద మాత వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 'ఇంతేనామ్మా? నన్ను నీ దెగ్గిరికి రానీవా?' అని లోపల అనుకుంది. అనుకుని, కొంగు నడుముకు దోపి, చెయ్యి చాచి గరిటె అందుకోబోయింది.

ఎవరో ఆ గరిటె లాగేసుకున్నారు.

చూస్తే ఇంకొక ముసలామె. చామనఛాయ, నుదుట నిలువు నామం, పొగకు ఎర్రబడిన కళ్ళు, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. గోవింద గుంపుకు వండే మనిషి, పేరు మునిరత్నమ్మ. వెనక వ్యానులో సామాన్లు తీసుకుని అప్పుడే తోపు చేరింది. వాళ్ళ గుంపు పెద్ద సిగ్గుపడుతూ జరిగింది చెబితే, ఆమె సగం విని, మిగతా సగం వినకుండానే మూటలు దించించింది.

"ఏం తల్లీ, నడిచొచ్చినోళ్ళు పొయ్యి కాడికి వస్తారా యాడన్నా?" అంది మునిరత్నమ్మ. "పో, కాళ్ళు సాపుకోని కూసో. నేను పెడతా."

ఆనందమ్మ కదలలేదు. ఆ మాటలు తనవి. ఏళ్ళ తరబడి తను ఎంతోమందికి చెప్పిన మాటలు, అదే విసురుతో, అదే గరిటె అడ్డంతో. ఏ దారిలోనైనా వంటవాళ్ళు ఈ మాటే అంటారేమో. కానీ పుట్టి బుద్ధెరిగాక ఆమెతో ఎవరూ అనలేదు.

పాల్‌కు ఒక సందేహం. మునిరత్నమ్మకు వినపడకుండా ఆనందమ్మను అడుగుదామనుకున్నాడు గాని, మైకులో పాడి పాడి ఆయన గొంతుకు గుసగుస రాదు. "దేవుడికి సూపించిన కూడు మనం తినొచ్చునా అక్కా?" మునిరత్నమ్మ బియ్యం కడుగుతూనే జవాబిచ్చింది. "ఇంగా మా సామికి సూపించలా అబ్బా. మీ అమ్మకే సూపించుకోండి. మావోళ్ళు మీ జపం సేసి తిన్నారు గదా, ఏం అరిగిపోయినారు?" పాల్ గబగబా సిలువ గుర్తు వేసుకుని కూర్చున్నాడు.

ఆనందమ్మ చింతచెట్టు కింద కూర్చుంది. చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. పొయ్యిని ఇంత దూరం నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు. తిరగమోత చిటపటలాడింది. కరివేపాకు వాసన వచ్చింది. ఒకటి రెండుసార్లు లేవబోయింది, మునిరత్నమ్మ గరిటె ఎత్తి చూపించింది, మళ్ళీ కూర్చుంది. మెల్లగా చింతపండు, ఉప్పు, ఎర్రగడ్డలు అన్నీ మనసులోంచి జారిపోయాయి. అవి చూసుకోవడానికి వేరే మనిషి ఉంది. ఒళ్ళంతా తేలికైంది.

వరస కట్టి కూర్చున్నారు. జపం అయింది. మునిరత్నమ్మ అండా మూత తీసి, పైనుంచి పొగలు కక్కే అన్నం మొదటి గరిటె తీసుకుని, వరసంతా దాటి వచ్చి, ఆనందమ్మ ముందు వంగింది. వడ్డించింది. సాంబారు పోసింది. "తిను తల్లీ, వేడి వేడిగా ఉండాది" అంది.

ఆనందమ్మకు అప్పుడు తెలిసింది. ఎట్లా తెలిసిందో ఆమె ఇప్పటికీ చెప్పలేదు. మల్లెల వాసన రాలేదు, భుజం మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఎదురుగా వంగిన ఒక ముసలిదాని చెమట వాసన, పొగ వాసన, పైఅన్నం ఆవిరి. కానీ ఎవరి కోసం ఇన్నేళ్ళు వెతికిందో ఆయన ఇక్కడే ఉన్నాడని, తన ఆకలి ఎరిగి వచ్చాడని, తనను కూర్చోబెట్టి పెడుతున్నాడని ఆమెకు అనుమానం లేకుండా తెలిసింది. ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే తింది. సాంబారులో ఉప్పు ఒక పిసరు తక్కువైంది, ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

"కారమైందా?" అని మునిరత్నమ్మ కంగారుపడింది. ఆనందమ్మ తల అడ్డంగా ఊపి, ఆమె కాలిన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఆ సాయంత్రం ఒక గుంపు ఉత్తరానికి, ఒక గుంపు దక్షిణానికి పోయాయి. మిగిలిన దారంతా ఆనందమ్మ లారీ ఎక్కలేదు. కోమలి వంట ఒకరోజు మాడింది, ఒకరోజు పలచనైంది, ఎవరూ చావలేదు. మొక్కుకున్నట్టే ఆమె నడిచిపోయి మాత ఎదుట నిలబడింది. కొడుక్కి గొంతు ఇచ్చినందుకు దండం పెట్టింది. తర్వాత పళ్ళిపట్టు మునిరత్నమ్మ కాళ్ళూ చేతులూ బాగుండాలని, ఆ తల్లికి కూడా ఎవరైనా పైఅన్నం పెట్టాలని అడిగింది. గుడి బయట అందరూ తమకేమైందో చెప్పుకుంటుంటే ఆమె నవ్వుతూ వింది.

మొక్కు తీరింది గనక ఆనాటి వంట ఆమే చేసింది. వడ్డించే వేళకు కోమలి అలవాటుగా బకెట్టు పట్టుకుని లేచింది. ఆనందమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"కూసో మే."

కోమలి బెదిరిపోయి కూర్చుంది. ఆనందమ్మ అండా మూత తీసి, పైఅన్నం మొదటి గరిటె తెచ్చి, వంగి కోడలి ఆకులో పెట్టింది. ఆ పిల్ల ఆకు వైపూ అత్త వైపూ మార్చి మార్చి చూసింది. "అత్తా, మరి మీరు?"

"తిను. నాకు నగిరి కాడే పెట్టేసినారు లే" అంది ఆనందమ్మ.