ఖాళీ బల్ల లెక్క

ఆత్మకూరు బస్టాండు రేకుల మీద తొలి చినుకులు పడుతున్నాయి. టక్. కాసేపు ఏమీ లేదు. టక్ టక్. మళ్ళీ నిశ్శబ్దం, అంతలోనే అయిదారు ఒక్కసారిగా. వరస లేని ఆ చప్పుడు వింటే నా కళ్ళు వాటంతట అవే చేతిగడియారం మీదికి పోతాయి. నిమిషానికి ఎన్ని అని లెక్కపెట్టే ఈ అలవాటు నాకు ఉదయగిరి ఖాదర్ మామ చేశాడు. లెక్క పదకొండు దాకా వచ్చిందో లేదో, పక్క బెంచీ మీది మాటలు చెవిన పడ్డాయి. "ఉదయగిరిలో రేడియోల సాయిబు ఉండ్లా, ఆయన రేడియేషన్‌తోనే పోయినాడంట." రెండో మనిషి తలాడించాడు. "పోడా మరి? దుకాణం నిండా అణుబాంబు సామానంట." నాకు ఒళ్ళు మండిపోయింది. "షుగరుతో పోయినాడయ్యా, ఇరవై ఏళ్ళ షుగరు! రేడియేషనని మీకు చెప్పిందెవరు?" అని అడిగాను. "అందరూ అనుకుంటా ఉండారు మేడమ్" అన్నాడు మొదటాయన, తప్పేమీ లేనట్టు. ఆ అందరి మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అది నా ఫోన్‌లో పుట్టింది.

నేను దుత్తలూరు దగ్గర హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాయన పాత వాల్వు రేడియో బాగుచేయించాలని ఉదయగిరి తీసుకుపోయాను. బజారులో మిక్సీలూ ఫ్యాన్లూ వేలాడుతున్న చిన్న గది, లోపల చొక్కా జేబులో టెస్టర్ పెట్టుకున్న పెద్దాయన. రేడియోలు పోయి మిక్సీలు వచ్చాక ఖాదర్ మామ కడుపుకి మిక్సీలు బాగుచేసేవాడు, మనసుకి వాల్వులు పోగేసేవాడు. నెల్లూరు పాతసామాన్ల కొట్ల నుంచి, మద్రాసు నుంచి తెచ్చిన గాజు వాల్వులు అగ్గిపెట్టెలంత అట్టపెట్టెల్లో దూది మీద పడుకుని ఉండేవి. ఒకప్పుడు మిలిటరీ వాళ్ళ యంత్రాల కోసం చేసిన కొన్ని రకాల వాల్వుల్లో, అవి తడబడకుండా వెలగడానికి రవ్వంత రేడియోధార్మిక పదార్థం పెట్టేవాళ్ళట. అవి ఏవో కనిపెట్టడమే ఆయన సరదా. అందుకోసం విడిభాగాలు తెప్పించుకుని, రేడియోధార్మికత తగిలినప్పుడల్లా టక్‌మనే గైగర్ కౌంటర్ సొంతంగా కట్టుకున్నాడు. సబ్బుపెట్టెలో ఇమిడిపోయిన ఆ పరికరాన్ని చూసి, పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పే నాకు సిగ్గేసింది.

ఆరోజు నాయన రేడియోలోని వాల్వులు పరీక్షించమని అడిగాను. ఆయన కౌంటర్‌ని బల్ల మీద పెట్టి, వాల్వు పెట్టకుండానే, అది అప్పుడప్పుడూ టక్‌మంటుంటే నోటుబుక్కు తెరిచి గడియారం చూస్తూ కూర్చున్నాడు. అయిదు నిమిషాలు గడిచాయి. నాకు బస్సు తొందర. "ఖాళీ బల్లలో ఏముంది మామా, లెక్కపెడతా ఉన్నావు?" అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. పది నిమిషాలూ అయ్యాక అంకె రాసుకుని అప్పుడు మాట్లాడాడు. "ఖాళీ బల్ల కూడా పలకతాది టీచరమ్మా. నేల పలకతాది, గోడ పలకతాది, ఆకాశంలోనించి కూడా వస్తా ఉంటాది. అది ఎంతో ముందు తెలీకుండా, దాని మీద పెట్టినదాన్ని పట్టుకొని నువ్వేమంటావు?" నాయన వాల్వులు ఖాళీ బల్ల కంటే ఎక్కువ పలకలేదు. నేను నిరాశపడితే నవ్వాడు. "ఏమీ లేదని తెలుసుకోవడం కూడా తెలుసుకోవడమే కదా" అన్నాడు. నాకు డిగ్రీలో ఇంత మంది పాఠాలు చెప్పారు, ఆ పది నిమిషాలు మాత్రం ఎవరూ కూర్చోబెట్టలేదు.

తర్వాత ఏడాది ఆయన్ని మా బడికి పిలిచాను. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని సంచీతో వచ్చాడు. పదో తరగతి పిల్లల్ని పది నిమిషాలు ఖాళీ బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఒక మిలిటరీ వాల్వు పెడితే చప్పుడు పెరిగింది. పాత గ్యాసులైటులో వెలిగే గుడ్డ వత్తి, అదే మాంటిల్, పెడితే వాల్వు కంటే గట్టిగా గోల చేసింది. "పెళ్ళి ఊరేగింపుల్లో దీన్నే కదరా నెత్తిన పెట్టుకొని మోసినారు మీ తాతలు" అంటే పిల్లలు విరగబడి నవ్వారు. "అయితే ఇవి ముట్టుకోకూడదా తాతా?" అని ఒక పిల్ల అడిగింది. "పగలగొట్టకూడదు, నలపకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. గాజు గాజుగా ఉన్నంతవరకు లోపలిది లోపలే ఉంటాది" అన్నాడు. నేను ఫోన్‌లో అంతా వీడియో తీశాను. సాయంత్రం చూసుకుంటే చాలా పొడుగైంది. ఖాళీ బల్ల ఎవరు చూస్తారని అది కత్తిరించాను. మాంటిల్ కూడా తీసేశాను. వాల్వు ముందు గోల చేసే అర నిమిషం మాత్రం మిగిల్చి, 'మన ఉదయగిరిలో రేడియోధార్మికత!' అని గొప్పగా రాసి బడి గ్రూపులో పెట్టాను.

వారం తిరక్కుండా అది ఎవరెవరి చేతులో మారి 'ఉదయగిరి బజారులో అణు సామాను' అయి నాకే తిరిగొచ్చింది. దుకాణం వీధిలో ఒకామెకి గర్భం నిలవకపోతే అది ఖాదర్ మామ నెత్తిన పెట్టారు. ఇంకొకరి పిల్లవాడి జ్వరం కూడా ఆయనదే. ముప్పై ఏళ్ళు ఆయన చేత ఫ్యాన్లు బాగుచేయించుకున్న మనుషులు అర్జీ పెట్టారు. ఆత్మకూరు రెవెన్యూ ఆఫీసు వాళ్ళు జీపులో దిగారు. సైన్సు తెలిసిన మనిషి కావాలని నన్ను పిలిపించారు. మామ నన్ను చూడగానే ధైర్యం వచ్చినవాడిలా లేచి నిలబడ్డాడు. అధికారి కౌంటర్‌ని వాల్వు దగ్గర పెట్టించి, "మేడమ్, ఇది మోగతా ఉండాదా లేదా? అంతవరకే చెప్పండి" అన్నాడు. "మోగుతోంది సార్, కానీ..." "కానీలు తర్వాత. సంతకం పెట్టండి." ఆ వీడియో ఎవరిదని అడుగుతారేమో అని నాకు భయం. ఉద్యోగం భయం. కాగితంలో రాసిన వాక్యం అబద్ధం కాదు, వాల్వు దగ్గర పరికరం శబ్దం చేసిందని. ఆ వంకతో సంతకం పెట్టేశాను.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. ఊరికి ప్రమాదమని వచ్చినవాళ్ళు ఆ వాల్వుల్ని గోనెసంచిలో కుమ్మరించారు. "పగలగొట్టొద్దు సార్, మీ కాళ్ళు పట్టుకుంటా, పగిలితేనే ప్రమాదం" అని ఆయన వెంటబడ్డాడు. సంచిని పంచాయతీ చెత్త ట్రాక్టర్లోకి విసిరారు. ఇన్నేళ్ళలో ఆయన చేతిలో ఒక్కటీ పగలని గాజు మొత్తం ఒక్కసారి నలిగింది. ఆ ట్రాక్టరు ఎక్కడ కుమ్మరించిందో ఎవరూ అడగలేదు. జీపు వెళ్ళాక ఆయన దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు.

"ఖాళీ బల్ల లెక్కపెట్టినారా వాళ్ళు?" అని అడిగాడు.

"లేదు మామా."

"నువ్వు చెప్పినావా?"

"బస్సుకి టైమైంది మామా" అని సంచీ భుజానికి తగిలించుకున్నాను.

గది ఖాళీ చేయించారు. అనంతసాగరంలో చెల్లెలి ఇంటికి పోతే, అక్కడ కూడా ఆయన ముట్టుకున్న మిక్సీలో పచ్చడి నూరుకోవడానికి జనం భయపడ్డారు. పని లేని మనిషి రెండేళ్ళు బతికాడు. పోయాక ఆ చెల్లెలు సబ్బుపెట్టె కౌంటర్‌నీ నోటుబుక్కునీ నా చేతిలో పెట్టి, "టీచరమ్మకే ఇయ్యమన్నాడు" అంది. నోటుబుక్కులో ప్రతి పేజీ మొదటి వరుసలో ఒకటే మాట, ఖాళీ బల్ల. పక్కన అంకె.

వాన నిలిచాక బస్టాండు నుంచి నడిచి అదే ఆఫీసుకి వెళ్ళాను. ఇది నాలుగోసారి. నా సంతకం ఉన్న కాగితంలో, ఆరోజు ఖాళీ బల్ల లెక్కపెట్టలేదని ఒక వాక్యం చేర్చమని నా అర్జీ. గుమాస్తా నన్ను చూసి విసుక్కున్నాడు. "పోయినాయనకి ఇప్పుడెందుకు మేడమ్ ఇదంతా?" నేను సంచీలోంచి కౌంటర్ తీసి, ఆయన ముందున్న నున్నటి గ్రానైటు బల్ల మీద పెట్టి స్విచ్చి వేశాను. టక్. టక్ టక్. టక్. గుమాస్తా కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఏంది మేడమ్ అది? ఏం పెట్టినారు దాని కింద?"

"ఏమీ పెట్టలేదు. అది మీ ఖాళీ బల్ల. పది నిమిషాలు లెక్కపెట్టి, ముందు అది రాయండి" అన్నాను. ఆయన కలం తీయలేదు. నేను కుర్చీ లాక్కుని, గడియారం చూస్తూ కూర్చున్నాను.