కుట్టేసిన చివరి పేజీ

మండపేట వెళ్ళే బస్సు కిటికీలోంచి వేడి తవుడు వాసన తగిలిందంటే చాలు, నాకు సుభద్ర టీచరుగారి కత్తెర గుర్తొస్తుంది. ఆవిడ మా బడిలో డ్రాయింగు టీచరు, మా పక్కింటావిడ కూడా. పాత క్యాలెండర్ల వెనకవైపు బొమ్మలు వేసి, పిల్లలే దొంగను పట్టుకోవాల్సిన కథల పుస్తకాలు తయారుచేసేవారు. కథంతా బొమ్మల్లోనే ఉండేది, ఆనవాళ్ళు వెతుక్కోవడం మా పని. దొంగ ఎవరో చెప్పే చివరి పేజీని మాత్రం బియ్యం సంచులు కుట్టే దారంతో కుట్టేసేవారు. "కారణం చెబితేనే కత్తెర" అనేవారు. ఆ కత్తెర చేతికొచ్చిన రోజు మేం నేల మీద నడిస్తే ఒట్టు!

ఐదో తరగతిలో ఒక శనివారం 'పూతరేకుల దొంగ' అనే కొత్త పుస్తకం తెచ్చారు. తీరా తెరిస్తే చివరి పేజీ కుట్టు ముందే తెగి ఉంది, పక్కన తవుడు మరక. నాకెక్కడలేని హుషారొచ్చింది. "టీచరుగారండీ, నాగమణేనండి! వాళ్ళ నాన్న బియ్యం మిల్లులో చేస్తాడండి!" అని అరిచాను. నాగమణి రోజూ నా పక్కనే కూర్చునే ప్రాణస్నేహితురాలు. అది నన్నొకసారి చూసి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

టీచరుగారు తిట్టలేదు. "ఏదీ, నీ చెయ్యి చూపించు" అన్నారు. పొద్దున్నే మా గేదెకు కుడితి కలిపి వచ్చాను, గోళ్ళనిండా తవుడే.

"అయితే నువ్వా దొంగవి?"

"అయ్యబాబోయ్, కాదండీ!"

"మన మండపేటలో తవుడంటని చెయ్యెవరిదే? అందరికీ సరిపోయే ఆనవాలు ఎవరినీ పట్టివ్వదు. పేజీ అంతా చూడు."

చూశాను. దారం కొసలు కొరికినట్టున్నాయి, కాగితం మూల చిన్న చిన్న పళ్ళ గాట్లు. ఆ పుస్తకం టీచరుగారింట్లో తవుడు డబ్బా మీద ఉందట. "ఎలుకండీ!" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, నా పక్క చోటు ఖాళీగా ఉంది. "దొంగ దొరికింది, మరి నీ నేస్తమో?" అన్నారావిడ. "అందరి ముందూ అన్నావు, తప్పయిందని అందరి ముందే చెప్పాలి."

సాయంత్రం నాగమణి వాళ్ళింటికి వెళ్ళాను. "నన్నే ఎందుకన్నావే?" అంది, కళ్ళనిండా నీళ్ళతో. నా దగ్గర కారణం లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం క్లాసంతా చూస్తుండగా తప్పు నాదని చెప్పి, టీచరుగారు మళ్ళీ కుట్టిన పుస్తకం దాని చేతికిచ్చాను. అది ఒక్కో బొమ్మా కళ్ళు చికిలించి చూసి, "తాతగారేనండి! షుగరని ఆయనకి పూతరేకులు పెట్టలేదు కదండి. మీసం మీద పంచదార పొడి చూడండి" అంది. కత్తెర అందుకుని టకటకా కత్తిరించింది. తాతగారే! నా వంక తిరిగి, "నువ్వయితే మిల్లోళ్ళనేదానివి" అని వెక్కిరించింది. అమ్మయ్య, మాట్లాడింది!

ఇప్పుడు నేనూ పిల్లలకు అలాంటి పుస్తకాలే చేస్తున్నాను. ప్రతి కథలోనూ దొంగ దొరికాక ఇంకో పేజీ ఉంటుంది. ఉత్తపుణ్యానికి అనుమానించినవాళ్ళింటికి అందరూ వెళ్ళి, తప్పయిందని చెప్పే బొమ్మ అది. మొన్న పుస్తకం అచ్చువేసేవారు ఫోన్ చేసి, "దొంగ దొరికేశాక ఇంకా పేజీ ఎందుకండి? తీసేద్దామా?" అన్నారు.

"కావాలంటే దొంగ పేజీ తీసేయండి," అన్నాను. "ఇది మాత్రం ఉండాలండి."