ముప్పై ఏడో దగ్గు

దగ్గుతున్న మనిషిని ఆరు వారాలు డాక్టరు కంటపడకుండా దాచిన ఘనత నాది. అది కూడా దుబాయ్‌లో, కరోనా ఇంకా పూర్తిగా వదలని రోజుల్లో. లిఫ్టులో గొంతు సవరించుకుంటే పక్కవాళ్లు తర్వాతి అంతస్తులోనే దిగిపోయే కాలం అది. అంత తెలివి అందరికీ ఉండదు.

ఇక ఆ రాత్రి సంగతి. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు... నా షాపు లైసెన్సు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇది నాకు జరిగింది. మెట్‌పల్లిలో మూడు తరాల కిరాణా కుటుంబం మాది. దేవుడి మీద ఒట్టేసి కొత్త బియ్యాన్ని పాతవని అమ్మగలం. లైసెన్సు మీద ఒట్టేసి మాత్రం అబద్ధమాడం.

దుబాయ్ నైఫ్ బజారులో నాకో చిన్న షాపుంది. వాడిన ఫోన్లు బాగుచేయించి అమ్ముతాను. కొనేవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా వ్యాపారులు. ఉండేది ఇంటర్నేషనల్ సిటీలో, ఒక గదిలో ఆరుగురం. నా పక్క మంచం గంగన్నది. మా ఊరి పక్క పల్లెవాడు, నాకంటే అయిదేళ్లు పెద్ద. పద్నాలుగేళ్లుగా బిల్డింగులకు ఇనుప చువ్వలు వంచి కట్టాడు. ఆ ఎండాకాలం అతని కంపెనీ ఫోర్‌మన్‌ని చేస్తానంది. వీసా రెన్యువల్ అయితే చాలు. వీసాకి మెడికల్ కావాలి. మెడికల్‌లో ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు.

అప్పటికే గంగన్న దగ్గుతున్నాడు.

"సేటూ, గీ దగ్గు తగ్గుత లేదు. ఒక్కసారి దవాఖానకు పోయొద్దమా?" అన్నాడు.

"పోతే ఫోటో తీస్తరు. ఫోటోల మచ్చ కనవడ్డదనుకో, యల్లా, నడువ్ అని ఇమానం ఎక్కిస్తరు. ఖలాస్. ఫోర్‌మన్ టోపీ ఇంకోడు పెట్టుకుంటడు."

"నిజంగనే పంపిస్తరా?"

"బర్ దుబాయ్‌ల అందరంటున్నరు."

ఆ అందరూ ఒక్క టైలరే. అతనికి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

కరోనా పరీక్ష చేయించాం. లేదని వచ్చింది. ఇంకేముంది, ఇది మామూలు వైరల్ జ్వరం వదిలివెళ్లిన దగ్గు, దానంతటదే పోతుందని నేనే డాక్టరునై తేల్చేశాను. వీసా కాగితాలు నింపే టైపింగ్ సెంటర్లో బేరమాడి మెడికల్ తేదీ వాయిదా వేయించాను. రోజూ రెండు పూటలా పాలు, అరటిపండ్లు పెట్టాను. మెడికల్‌కి ముందు అవి తింటే ఎక్స్‌రేలో ఛాతీ తేటగా పడుతుందని మా వాళ్లలో గట్టి నమ్మకం. రాత్రిళ్లు దిండులో మొహం పెట్టి ఎలా దగ్గాలో కూడా నేర్పాను.

గంగన్న దగ్గుకో పద్ధతుంది. పొడిగా ఒక్క దగ్గు. తర్వాత అరచేత్తో రొమ్ము మీద రెండుసార్లు కొట్టుకుంటాడు. టప్... టప్. ఆ తర్వాత లోపలికి పీల్చే ఊపిరిలో సన్నటి ఈల. ఆరు వారాలు అతని పక్కనే పడుకున్నాను. నిద్రలో వినిపించినా గుర్తుపడతాను. ఇది గుర్తుంచుకోండి.

అలా ఉండగా ఆగస్టులో మా షాపుకి డాక్టర్ ఎస్తర్ వచ్చింది. ఆఫ్రికాలోని కంపాలా నుంచి ఏదో సమావేశానికి వచ్చి, మర్నాడు మధ్యాహ్నం విమానానికి వెళ్లిపోతోంది. ఒకే మోడల్ ఫోన్లు ఇరవై కావాలంది. బేరం చూసి నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ధర చెప్పగానే నవ్వి బయటికి నడిచింది. మూడు షాపులు దాటాక వెనక్కి వచ్చింది. మళ్లీ నవ్వింది.

"ఇన్ని ఫోన్లు ఎందుకు మేడం?" అన్నాను.

"దగ్గులు రికార్డు చేయడానికి."

నేను వేళాకోళం అనుకున్నాను. కాదు. టీబీ దగ్గు, ఫ్లూ లాంటి వైరస్ దగ్గు, కరోనా తర్వాత మిగిలిపోయిన దగ్గు... చెవికి అన్నీ ఒకేలా ఉంటాయట. వాళ్ల పల్లెలకు ఎక్స్‌రే దూరం, ల్యాబు ఇంకా దూరం. హెచ్ఐవీ కూడా ఉన్న మనిషికైతే కఫం పరీక్షలో టీబీ క్రిమి తేలిగ్గా దొరకదట. అందుకని, ఒక మామూలు ఫోను దగ్గు విని 'ఈ మనిషిని ముందు పరీక్షకు పంపండి' అని చెప్పగలదా లేదా అన్నది ఆమె పరిశోధన.

"మైకులన్నీ ఒకేలా వినాలి. ఒక్కోటి ఒక్కోలా వింటే నా పనంతా వృథా. పరీక్షించి ఇస్తావా, మై ఫ్రెండ్?"

బేరం చేజారిపోతుందన్న ఆత్రంలో "పరీక్ష ఉచితం మేడం" అనేశాను. మా నాన్న వినుంటే అక్కడికక్కడే నన్ను గల్లా మీంచి లేపేవాడు.

ఆమె ఒక చిన్న స్పీకరు ఇచ్చింది. అందులో పన్నెండు మంది దగ్గులున్నాయి, మనిషికి మూడేసి. మొత్తం ముప్పై ఆరు. ఒక్కో ఫోనునీ మూరెడు దూరంలో పెట్టి రికార్డు చేయాలి. వస్తున్నప్పుడే ఎన్ని దగ్గులో కాగితం మీద రాసుకోవాలి, తర్వాత ఫోనులో మళ్లీ విని సరిచూడాలి. గదిలో ఇంకే చప్పుడూ ఉండకూడదు.

నైఫ్‌లో చప్పుడు లేని గది! రాత్రి ఒంటిగంట దాటేదాకా తోపుడు బండ్ల చక్రాలు ఆగవు. అందుకని ఆ రాత్రి షాపులోనే ఉండిపోయాను. షట్టరు లోపల్నుంచి దించి తాళం వేశాను. ఏసీ ఆపాను. ఆగస్టు నెల... అయిదు నిమిషాల్లో చొక్కా వీపుకి అంటుకుపోయింది.

మొదటి ఫోను. దగ్గు... దగ్గు... దగ్గు. ఒక్కో దగ్గుకి పెన్సిలుతో ఒక గీత, అయిదు గీతలకి ఒక కట్ట. మా కొట్లో బస్తాలు దించుకునేటప్పుడు చిన్నప్పట్నుంచి అలవాటైన లెక్క అది. చివరికి ఏడు కట్టలు, పైన ఒక గీత. సరిగ్గా ముప్పై ఆరు.

రెండో ఫోను. మూడోది. పదోది వచ్చేసరికి ఆ పన్నెండు మందీ నాకు చుట్టాలైపోయారు. మూడో మనిషి దగ్గే ముందు ఎవరితోనో నవ్వుతాడు. ఏడో మనిషి చిన్నపిల్ల. ఆ దగ్గు వెనకాల ఎక్కడో కోడి కూస్తుంది. పన్నెండో ఆమె పెద్దావిడ అనుకుంటాను, ఆఖరి దగ్గు తర్వాత చిన్నగా మూలుగుతుంది. అది అవగానే స్పీకరు మీద నీలం దీపం ఆరిపోతుంది. నేను ఫోను ఆపుతాను. అంతే పని.

పదిహేడో ఫోను పెట్టాను. రెండూ ఇరవై దాటింది. షట్టరు రేకు చల్లబడుతూ అప్పుడప్పుడు టిక్కుమంటోంది. నేను గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఇదీ గుర్తుంచుకోండి.

పన్నెండో ఆమె దగ్గింది. ఒకటి... రెండు... మూడు. మూలుగు. నీలం దీపం ఆరింది. ఏడు కట్టలు, పైన ఒక గీత. ఫోను ఆపడానికి వేలు చాచాను...

దగ్గు.

పొడిగా. ఒక్కటి.

వేలు గాల్లోనే ఉండిపోయింది. దీపం ఆరే ఉంది. స్పీకరులోంచి కాదు. ఫోనులోంచీ కాదు, అదింకా రికార్డు చేస్తూనే ఉంది. ఆ శబ్దం... ఎలా చెప్పాలి... నా పక్క మంచం ఎంత దూరంలో ఉంటుందో అంత దూరం నుంచి వచ్చింది.

టప్...

టప్.

తర్వాత ఈల. సన్నగా, లోపలికి.

చెమట చుక్క ఒకటి చెవి వెనక నుంచి మెడ మీదకి జారింది. లేచాను. బల్లకింద చూశాను. అట్టపెట్టెల వెనక చూశాను. ఆ షాపులో పిల్లి కూడా దాక్కోలేదు. షట్టరు తాళం వేసినట్టే ఉంది.

నా సొంత ఫోను తీసి గంగన్నకి కొట్టాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏంది సేటూ, ఇంకా పండుకోలె?"

"నువ్వెందుకు పండుకోలె? దగ్గినవా?"

"ఊఁ... గిప్పుడే. అందరు లేస్తరని బయట మెట్ల కాడికొచ్చిన."

"గిప్పుడే అంటే?"

"గిప్పుడే సేటూ. నువ్వు ఫోన్ చేసే ముంగట." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "నీకెట్ల ఎరుకైంది?"

నేను పదిహేడో ఫోను వైపు చూశాను.

"నెత్తురు వడ్తున్నది సేటూ. వారం సంది. నీకు చెప్తే నీ ప్లానంత ఖరాబైతదని చెప్పలె."

నా ప్లాను. ఆ మాట దగ్గుకన్నా ఎక్కువ భయపెట్టింది.

పదిహేడో ఫోను వినిపించుకున్నాను. అందులో ఉంది. దగ్గు, టప్ టప్, ఈల. పెన్సిలు తీసుకుని గీత గీశాను. ఏడు కట్టలు, పైన రెండు. అదే ఫోనుతో మళ్లీ రికార్డు చేశాను. ఈసారి ముప్పై ఆరే. ఇక్కడ నాలోని కిరాణావాడు నిద్రలేచాడు. మొదటిది తుడిచేసి రెండోది ఇస్తే సరుకు తిరిగిరాదు కదా! వేలు తుడిచే గుర్తు మీదకి వెళ్లింది. నొక్కలేకపోయాను. మిగతా మూడు ఫోన్లూ పూర్తిచేసి, షట్టరెత్తి, తెల్లారేదాకా మెట్టు మీద కూర్చున్నాను.

ఎనిమిదింటికి డాక్టర్ ఎస్తర్ వచ్చింది. నేను ఫోన్లు చూపిస్తుంటే ఆమె కాగితం చూసింది.

"ఇరవైలో పంతొమ్మిది ముప్పై ఆరు. దీనికి ముప్పై ఏడేంటి?"

నా నోటికి చాలా అబద్ధాలు తెలుసు. గీత గీసే చేతికి తెలీవు. అది మా నాన్న నేర్పిన చెయ్యి.

ఆమె హెడ్‌ఫోను పెట్టుకుని మూడుసార్లు విన్నది. "ఇది నావాళ్లది కాదు. ఎవరు?"

మొత్తం చెప్పాను. మెట్ల సంగతితో సహా. నవ్వుతుందనుకున్నాను. దయ్యాల గురించి ఒక్క మాటా అడగలేదు. ఎన్ని వారాలు? బరువు తగ్గాడా? రాత్రిళ్లు చెమటలు పడతాయా? రక్తం? అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. ఆరు వారాలుగా ఉన్నాయి.

"టీబీయేనా మేడం?"

"చెవితో చెప్పలేను. చెప్పగలిగితే నీతో ఇంత బేరమాడి ఇరవై ఫోన్లు ఎందుకు కొంటాను? ఎక్స్‌రే చెప్పాలి, కఫం చెప్పాలి. ఈ రోజే తీసుకెళ్లు. రేపు కాదు."

పదిహేడోది నా వైపు తోసింది. "నా లెక్కలో లేని మనిషిని నేను తీసుకెళ్లలేను." పంతొమ్మిదింటికే డబ్బిచ్చింది. నేను మారుమాట్లాడలేదు. నా జీవితంలో అలాంటిది అదొక్కటే.

ఆ రోజే గంగన్నని ఆసుపత్రికి తీసుకెళ్లాను. టీబీ. అక్కడే ఉంచుకుని మందులు మొదలుపెట్టారు.

కోలుకున్నాక ఒకరోజు పదిహేడో ఫోను అతని చెవి దగ్గర పెట్టాను. విన్నాడు. మళ్లీ విన్నాడు.

"దగ్గు నాదే సేటూ. గని..."

"గని ఏంది?"

"ఆ రాత్రి ఒక చేత్తోని రెయిలింగ్ పట్టుకున్న. ఇంకో చేత్తోని నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్న. రొమ్ము మీద నేను కొట్టుకోలె."

మరి ఆ టప్ టప్ ఎవరిది? రాత్రంతా అవే దగ్గులు విని నా చెవి నన్ను మోసం చేసిందా? చెవి మోసం చేస్తే ఫోనులోకి ఎలా ఎక్కింది? నిద్రమత్తులో నేనే దగ్గి, నా రొమ్ము మీద నేనే కొట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

చివరి లెక్క మాత్రం తేలింది. దాచకుండా చెబుతాను. గంగన్న వీసా పోలేదు. మందులు వాడాలన్న షరతు మీద ఇచ్చారు, విమానం ఎవరూ ఎక్కించలేదు. మొదటి వారమే వెళ్లినా వీసా వచ్చేదే. ఫోర్‌మన్ టోపీ మాత్రం అతను ఆసుపత్రిలో ఉండగా ఇంకొకరి తల మీదకి వెళ్లింది. ఆరు నెలల గోలీలు. కుడి ఊపిరితిత్తి పైభాగం ముడుచుకుపోయింది, అది తిరిగి రాదన్నారు. ముందే వచ్చుంటే ఇంత దెబ్బతినేది కాదని కూడా అన్నారు, నా మొహం చూసి. ఇప్పుడు అదే కంపెనీలో స్టోరు చూసుకుంటున్నాడు, మెట్లెక్కుతూ మూడో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటాడు. గదిలో మిగతా అయిదుగురికీ పరీక్షలు చేశారు. నలుగురికి ఏమీ లేదు. అయిదోవాడి ఒంట్లో క్రిమి ఉంది, నిద్రపోతోంది, లేవకుండా మూడు నెలలు గోలీలు వేసుకోమన్నారు. నిద్రపోయే క్రిమి దగ్గు తెప్పిస్తుందా అని అడిగితే తెప్పించదన్నారు. ఆ అయిదోవాణ్ణి నేనే. గోలీలు అయిపోయాయి. పంతొమ్మిది ఫోన్లు అమ్ముడుపోయాయి. పదిహేడోది గల్లా కింద ఉంది, ధర అడిగినవాళ్లకి చెప్పడం లేదు.