నేల వద్దన్న కొసరు

పంపు బాబాయికి అసలు పేరు లేక కాదు, ఆ పేరుతో పిలిచేవాళ్లే లేరు. ఏ ఊళ్లో మెట్రో సొరంగం తవ్వాలన్నా ముందు దిగేది ఇతని బృందమే. నేల కింద ఉండేది అటు రాయీ కాదు, ఇటు మట్టీ కాదు. గోటితో గీస్తే పొడి రాలే మెత్తరాయి, దాని నిండా పగుళ్లు. అలాగే వదిలేస్తే కింద తవ్వుతుంటే పైన ఇళ్లు కుంగుతాయి. అందుకని వీధిలోంచి సన్నటి బోర్లు వేసి, పల్చటి సిమెంటు కలిపి పంపుతో లోపలికి ఎక్కిస్తారు. పగుళ్లు పూడి నేల గట్టిపడ్డాక తవ్వేవాళ్లు వస్తారు, ఎప్పటికో రైలు వస్తుంది. అప్పటికి బాబాయి ఇంకో ఊళ్లో ఉంటాడు. ఇన్ని ఊళ్ల నేల గట్టిచేసినవాడు ఒక్క రైలూ ఎక్కిన పాపాన పోలేదు.

కాలికి బలపం కట్టుకు తిరిగే మొగుడి వెంట భార్య కూడా కొన్నేళ్లు తిరిగింది. ఆవిడది కుట్టుపని. ఒక వీధిలో నలుగురు బట్టలిచ్చి కుట్టించుకోవడం మొదలుపెట్టేసరికి సామాను సర్దే వేళయ్యేది. చివరికి విసిగిపోయి అక్కగారింటికి బయల్దేరింది.

"నాకు మీ మీద కోపం లేదండీ. నా మిషను కదలకుండా ఉండే చోటు చూడండి, అప్పుడొస్తా," అంది.

కోపముంటే ఎలాగోలా తీర్చవచ్చు. లేని కోపాన్ని ఏం చేస్తాడు? నోరెత్తకుండా ఆవిడ పెట్టెకు తాడు కట్టి, బస్సెక్కించి వచ్చాడు. అప్పట్నుంచీ సాయంత్రం టీ పెడితే అలవాటు కొద్దీ ఇద్దరికి పెట్టడం, రెండో గ్లాసు చల్లారాక తనే తాగడం. ఆవిడ మీద బెంగ ఎంతుండేదంటే, దర్జీ కొట్టు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే పక్క సందులోంచి వెళ్లేవాడు.

ఈసారి వచ్చిన ఊళ్లో పని ఏళ్ల తరబడి సాగేది. పని జరిగే వీధిలోనే కింది వాటాలో రెండు గదులు దొరికాయి. మిషను పెట్టుకోవడానికి కిటికీ పక్కన మంచి వెలుతురు. ఫోన్ చేసి ఆవిడకు చెప్పాడు.

"సరే, ఆదివారం వస్తా. మళ్లీ ఖాళీ చేయాలంటే మాత్రం ఇంక నన్ను పిలవకండి," అంది.

బాబాయి ఆ రోజే గోడలకు సున్నం వేశాడు. కిటికీ ఊచలు తోముతుంటే ఇంటి ఓనరమ్మ చూసి, "పెళ్లి ఇప్పుడా నీకు?" అని నవ్వింది.

ఇక్కడ వాళ్ల పనిలో ఉన్న నియమం ఒకటి చెప్పాలి. నేల తాగినంతసేపు సిమెంటు తాగుతుంది. కడుపు నిండాక పంపు మీద ఒత్తిడి చూపే ముల్లు పైకి లేస్తుంది. 'నేల వద్దంది' అంటారు దాన్ని. వద్దన్నాక చుక్క కూడా ఎక్కించకూడదు. "బలవంతంగా పెడితే బిడ్డే కక్కుతుంది, నేల ఊరుకుంటుందా?" అని కొత్తవాళ్లకు చెప్పేది బాబాయే.

శుక్రవారం మధ్యాహ్నం ఆ వీధిలో ఆఖరి బోరు. అది ఏటవాలుగా దిగింది సరిగ్గా బాబాయి ఇంటి కిందికి. ముల్లు లేచింది.

"వద్దంది బాబాయ్, ఆపేయండి," అంది పని చూసే ఇంజనీరమ్మ.

"ఇంకొంచెం మేడమ్. కొసరు."

"ఇదేమన్నా కూరగాయల బేరమా?" అని నవ్వి, ఆపేస్తాడులే అన్న నమ్మకంతో ఆవిడ పక్క వీధి బోరు దగ్గరికి వెళ్లింది.

అతను ఆపలేదు. తన భార్య మిషను నిలిచే నేల కదా, ఊరందరి నేల కన్నా ఓ పిసరు గట్టిగా ఉంటే ఏం పోయిందనుకున్నాడు. ఇన్నేళ్ల బుద్ధి ఆ ఒక్క పూట గడ్డి తిన్నది.

"ఇదిగో, నీ తలుపు మూసుకోవడం లేదేంటయ్యా?" అని ఇంటి ఓనరమ్మ లోపలి నుంచి కేకేసింది.

బాబాయి పంపు కట్టేసి పరుగెత్తాడు. గది మధ్యలో గచ్చు, దుప్పటి కింద పిల్లి పడుకున్నట్టు ఉబ్బి ఉంది. గుమ్మం నుంచి కిటికీ దాకా గోడ పగిలింది. ఇంజనీరమ్మ వచ్చి చూసింది. తిట్టినా బాగుండేది.

"మీరు కదా అని వెళ్లాను బాబాయ్," అంది, అంతే.

కింద సొరంగం తవ్వే యంత్రం దాటిపోయి, గచ్చు మళ్లీ వేసేదాకా ఎవరూ ఉండకూడదని ఆ వాటాకు తాళం పడింది. బాబాయిని పంపు మీంచి తీసి గొట్టాలు కడిగే పనికి వేశారు. భార్యకు చెబుదామని ఫోన్ తీస్తే, ఏ రంగు దారాలు సర్దిందో ఆవిడే చెప్పుకుపోయింది. విని పెట్టేశాడు.

ఆదివారం మిషనుతో సహా దిగింది. తాళం చూసింది, కిటికీలోంచి గచ్చు చూసింది. అరుగు మీద కూలబడి, ఏమైందని అడిగింది.

"నేనే చేశాను. నీ గది కింద కాస్త ఎక్కువ గట్టిగా ఉండాలని... వద్దన్నా ఆపలేదు."

ఆవిడ నెమ్మదిగా అంది: "నేలను అడిగారన్నమాట కొసరు. నేను వెళ్తానన్న రోజున ఒక్కసారి ఉండమని అడిగారా? పెట్టెకు తాడు కట్టారు."

నేలైనా మనిషైనా వద్దంటే ఊరుకోవడమే మర్యాద అనుకున్నాడు బాబాయి ఇన్నాళ్లూ. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉండు," అన్నాడు.

"ఇప్పుడా? ఎక్కడుండమంటారు, మీ సిమెంటు బస్తాల మీదా?"

సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. మిషను మాత్రం మోసుకెళ్లలేదు. "తుప్పు పట్టనివ్వకండి," అని చెప్పి ఎక్కింది.

బాబాయి దాన్ని పనివాళ్ల షెడ్డులో తన మంచం పక్కన పెట్టుకుని నూనె వేస్తున్నాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "రావూ?" అని అడుగుతాడు.

"తాళం తీశారా?" అంటుంది ఆవిడ.

"ఇంకా లేదు."

"మరి?" అని పెట్టేస్తుంది. మర్నాడు మళ్లీ అడుగుతాడు.